ఆరో సాక్షి

"ఇది నా ఇల్లు కాదని నాకు తెలుసు వదినా. అందుకే ముందు గది దాటి లోపలికి రాలేదు" అంది చెల్లెలు.

మా ఆవిడ పళ్ళెం బల్ల మీద పెట్టి వెళ్ళిపోయింది. నిన్న పెట్టిన పళ్ళెం మూత తియ్యకుండా అక్కడే ఉంది. దాని పక్కన ఇది రెండోది.

చెల్లెలు నిన్న సాయంత్రం చేతిలో ఒక్క ఫోనుతో వచ్చింది. వస్తూనే ఫోను నా ముందు పెట్టి ఒకే మాట అడిగింది. "నువ్వు ఒప్పుకున్నావా అన్నయ్యా?"

నేను కళ్ళజోడు వెతుక్కున్నాను. అది నా జేబులోనే ఉంది. అయినా వెతుక్కున్నాను. జవాబు చెప్పకూడదనుకున్నవాడికి వెతుక్కోవడానికి ఏదో ఒకటి కావాలి.

ఫోనులో ఉన్నది ఇదీ: అరవై రెండు దుంగలు. నిన్నటిదాకా యజమాని, నాలుగు నెలల కిందట పోయిన నా చెల్లెలి భర్త. నిన్న మధ్యాహ్నం నుంచి యజమాని, నా బావమరిది. ఒప్పుకున్న సాక్షులు ఆరుగురు. ఆరో గుర్తు మా కొట్టుది.

మా కలప అడితిలో దుంగ కదలదు, దాని మీద పేరు కదులుతుంది. రైలు పట్టాల పక్కన ఒకే ఆవరణలో తొమ్మిది మంది వ్యాపారులం. దుంగ మొదలు కోత మీద సుత్తితో కొట్టిన అంకె ఉంటుంది. చేతులు పదిమార్లు మారినా దుంగ మాత్రం పడిన చోటే పడి ఉంటుంది. వ్యాపారి పోతే మిగతావాళ్ళలో ఆరుగురు నడిచి వచ్చి, దుంగల మీద అరచేతులు పెట్టి ఒక పేరు చెప్పేవాళ్ళం. ఆ పేరుగలవాడిదే సరుకు. మా తాతల నాటి నుంచి అంతే.

ఎనిమిది నెలల కిందట ఆ అరచేతుల పని యంత్రాలకి అప్పగించాం. బ్లాక్‌చెయిన్ అన్నారు. తొమ్మిది కొట్లలో తొమ్మిది సాక్షి యంత్రాలు. చెల్లెలి భర్తది చిన్న కొట్టు, ఆ తొమ్మిదిలో లేదు, దానికి యంత్రమూ లేదు. ఒక్కోదానికి బొటనవేలంత తాళం. యజమాని తాళం పెట్టి నొక్కితే ఆ యంత్రం ఒప్పుకున్నట్టు. ఆరు ఒప్పుకుంటే పద్దు పడినట్టు. పడిన పద్దుని చెరపడం ఎవరి తరం కాదు.

పెట్టించింది మా అమ్మాయి.

"భోజనం చెయ్యకపోతే దుంగలు వెనక్కొస్తాయా?" లోపలి నుంచి మా ఆవిడ గొంతు.

"చేస్తే వస్తాయా?" అంది చెల్లెలు.

"ఏవండీ, మీరైనా చెప్పండి. మా తమ్ముడు దొంగ అనుకుంటున్నారా మీరు కూడా?"

"నేనేమీ అనలేదు" అన్నాను.

"అదే నా బాధ. ఏమీ అనకుండా కూర్చుంటే అన్నట్టే."

చెల్లెలు చిన్నగా నవ్వింది. ఆ నవ్వు కంటే తిట్టినా బాగుండేది. "మీ తమ్ముడు దొంగేమిటి వదినా! దొంగైతే తలుపు పగలగొట్టాలి. ఆయనకి ఎవరో దగ్గరుండి తలుపు తీశారు. ఎవరన్నదే అడుగుతున్నాను."

నేను లేచి చెప్పులేసుకున్నాను. నాలుగింటికి లారీలు వస్తాయి. ఐదింటికి రంపపు మిల్లులో ఉంటాయి ఆ దుంగలు. పలకలయ్యాక సుత్తి అంకె ఉండదు. అంకె లేని కలప మీద ఎవరూ తగువు పెట్టలేరు. ఆ అరవై రెండు దుంగలే నా చెల్లెలి కొట్టు. అవి పోతే ఆమె దగ్గర మిగిలేది కొట్టు బోర్డు.

* * *

నా బావమరిదిని అడితిలో చల్లనయ్య అంటారు. ఐసు ఫ్యాక్టరీ ఉంది కాబట్టి కొంత, ఎవరెంత అరిచినా గొంతు పెంచడు కాబట్టి కొంత. ఐసు మీద కప్పడానికి రంపపు పొట్టు కొనుక్కోవడానికి వచ్చి, మెల్లగా దుంగలు కొనడం మొదలుపెట్టి, మా తొమ్మిదిమందిలో ఒకడయ్యాడు.

"రండి బావగారూ" అన్నాడు ఐసు ఫ్యాక్టరీ గుమ్మంలో. "కూర్చోమందామంటే చోటు లేదు. మీవాళ్ళంతా ముందే వచ్చి కూర్చున్నారు."

చెయ్యి చూపించిన వైపు చూశాను. ఐసు అచ్చుల గది వెనక చిన్న గది. గోడకి ఒక పొడుగాటి చెక్క బల్ల. బల్ల మీద వరసగా యంత్రాలు, ఒక్కోదాని నెత్తిన రంగుతో రాసిన కొట్టు పేరు. పెట్టెలవాడిది. తలుపులవాడిది. పడవలవాడిది. కుర్చీలవాడిది. చల్లనయ్యది. చివరగా మాది. అన్నీ ఒకే కరెంటు తీగ మీద. అన్నిటిలోనూ తాళాలు పెట్టే ఉన్నాయి.

మాది ఇక్కడ ఉందని నాకు తెలుసు. దాని ఫ్యాను పడగ్గది గోడ వెనక గుయ్యిమంటోందని మా ఆవిడ అంటే, ఐసు గదిలో చల్లగా ఉంటుంది పంపెయ్యి అక్కయ్యా అన్నాడు ఇతను. పంపేశాం. ప్రతి పద్దుకీ ఇంత దూరం రాలేక తాళం దానిలోనే వదిలేశాను.

మిగతావి ఇక్కడ ఉన్నాయని నాకు తెలియదు.

"వీళ్ళని ఎవరు తెమ్మన్నారు?"

"నేనెవర్నీ పిలవలేదండీ. పెట్టెలవాడికి కరెంటు బిల్లు భయం. కుర్చీలవాడి యంత్రంలో ఎలక కాపురం పెట్టింది. తలుపులవాడు, మీ బావగారిది ఉందిగా, మాదీ ఉండనియ్ అన్నాడు. నాదొక్కటి తీస్తే ఏం పోయింది, మిగతా ఎనిమిదీ ఎవరి కొట్లో వాళ్ళవి ఉన్నాయి కదా అనుకున్నాడు ప్రతివాడూ." అతను నా వైపు తిరిగాడు. "మీరూ అంతే కదా?"

నేనూ అంతే.

"నిన్న నా తాళం ఎవరు నొక్కారు?"

"నేనే." దాపరికం లేకుండా చెప్పాడు. "ఆరూ నేనే నొక్కాను. పావు నిమిషం పట్టింది."

"సిగ్గు లేదురా నీకు?"

"మీ చెల్లెలిగారి ఆయన నాకు మాటిచ్చాడు బావగారూ. ఆసుపత్రిలో. మందులకి నువ్వు పెట్టింది చాలా ఉంది, ఆ అరవై రెండూ నువ్వు తీసేసుకో అన్నాడు."

"ఎవరు విన్నారు?"

"నేను విన్నాను."

"ఇంకెవరు?"

"ఆయన."

గోడ అవతల ఐసు దిమ్మలు అచ్చుల్లోంచి జారి పడుతున్న చప్పుడు. మనిషి మొహం చూసి దుంగలో పుచ్చు ఎంతుందో చెప్పగలనని నాకు పేరు. ఇతని మొహంలో నాకు ఏమీ కనబడలేదు. నిజమే అయ్యుండొచ్చు. అదే నన్ను ఎక్కువ బాధపెట్టింది.

"నిజమైతే మా చెల్లెలితో చెప్పొచ్చుగా?"

"చెబితే ఒప్పుకుంటుందా?"

"మూడింటికి అడితివాళ్ళ మీటింగ్ ఉందిగా, నేను ఒప్పుకోలేదని అక్కడ చెబుతాను."

"చెప్పండి. ఏమని చెబుతారు? తాళం వదిలేశానని చెబుతారా?" గొంతు ఏమాత్రం పెరగలేదు. "ఎనిమిది నెలల్లో ఈ యంత్రాల మీద పదకొండు వేల పద్దులు ఒప్పుకున్నాం. అందులో మీ సరుకువి నాలుగు వందలు. నేను నొక్కినవేవో, ఎవరి మనిషి వచ్చి నొక్కాడో తేల్చేదెవరు? ఒక్కటి చెల్లదంటే అన్నీ చెల్లవు. మీ అమ్మాయి రాసిన కాగితం చూసి ఇంకో రెండు ఊళ్ళవాళ్ళు ఇదే పెట్టుకుంటున్నారు. దాని పేరేం కావాలి?"

నేను మా యంత్రం నెత్తిన రాసిన పేరు చూస్తూ నిలబడ్డాను.

"ఒప్పుకున్నానని చెప్పండి చాలు. అన్నయ్య మీద చెల్లెలికి కోపం వస్తుంది. వస్తే వస్తుంది. కోపం ఎన్నాళ్ళుంటుంది?"

అప్పుడే మా యంత్రం పీకి చంకలో పెట్టుకుని వచ్చేయాల్సింది. నాకు తోచలేదు. నేను ఆ సమయంలో లెక్క వేసుకుంటున్నాను.

దారి పొడుగునా అదే లెక్క. ఒప్పుకున్నానంటే ఒక్కటే నష్టం, చెల్లెలు. ఒప్పుకోలేదంటే కూతురి పేరు, భార్య తమ్ముడు, ఎనిమిది నెలల బేరాలు, నా నాలుగు వందల పద్దులు, అన్నిటి మీదా నేను తెలివితక్కువవాణ్ణన్న మాట. బేరంలో ఆరితేరిన వాడెవడైనా మొదటిదే పుచ్చుకుంటాడు.

ఒక్క అంకె మాత్రం ఎటూ తెగలేదు. ఆరు కావాలి. మాది కాక అక్కడున్నవి ఐదు. నేను గనక మా యంత్రాన్ని ఇంట్లోనే ఉంచుకుని ఉంటే అతనికి ఆ బల్ల మీద ఆరు ఉండేవి కావు. ఆ గుయ్యిమనే చప్పుడు భరించి ఉంటే చాలు.

* * *

ఇంటికొచ్చేసరికి మా అమ్మాయి వచ్చి ఉంది. వాళ్ళ అత్తయ్యకి ఎదురుగా కూర్చుని ఉంది. ఇద్దరి మధ్యా బల్ల మీద అది రాసిన కాగితాలు, రెండు పళ్ళేలు.

"నాకు ఇంకోసారి చెప్పవే" అంటోంది చెల్లెలు. "చదువుకోని దానికి చెప్పినట్టు చెప్పు. ఆ పెద్దది ఎందుకు వద్దన్నావు?"

"నేను వద్దనలేదు అత్తయ్యా. అడితివాళ్ళు వద్దన్నారు. పెద్ద నెట్‌వర్క్‌లో వేల యంత్రాలు ఉంటాయి. ఎవరివో ఎవరికీ తెలియదు. వాళ్ళందర్నీ కూడగట్టి అబద్ధం చెప్పించడం ఎవరి వల్లా కాదు. కానీ అంతమందికీ మాట చేరాలి కదా. సెకనుకి పదో పదిహేనో పద్దులు. ఒక పద్దు గట్టిపడేసరికి పావుగంట, ఒక్కోసారి గంట. దానికి రుసుము కూడా."

"చిన్నదైతే?"

"తొమ్మిది యంత్రాలే. సెకనుకి మూడు వేల పద్దులు పెట్టొచ్చు. రుసుము లేదు. మధ్యరకం ఒకటి కూడా చూపించాను, వంద యంత్రాలది. అది ఎవరికీ నచ్చలేదు."

నాకు ఆ రోజు గుర్తుంది. వేలంపాట రోజున గంటలో మూడు వందల దుంగలు చేతులు మారతాయి, పావుగంట ఆగితే పాటగాళ్ళు టీ తాగడానికి పోయి మళ్ళీ రారు, అని గట్టిగా అరిచింది నేనే. సాక్షులు పెరిగితే వేగం తగ్గుతుంది నాన్నా, వేగం కావాలంటే సాక్షుల్ని తగ్గించుకోవాలి, ధర ఎక్కడో ఒకచోట కట్టాలి అంది ఇది. ధర నాకు చెప్పకు, వేగం చూపించు అన్నాను.

ఆ వేగమే చెల్లెలి కొంప ముంచింది. దుంగలు నా పేరుకి మార్పించు అన్నయ్యా అని ఆమె నాలుగు నెలలుగా అడుగుతోంది. అర నిమిషం పనేగా, ఎల్లుండి చేద్దాం అంటూ వచ్చాను. ఆరుగురు మనుషుల్ని పోగేసి నడిపించాల్సిన పాత రోజులైతే మొదటి వారంలోనే చేసి ఉండేవాణ్ణి.

"నాన్నా." అమ్మాయి నా వైపు చూసింది. "నువ్వు ఒప్పుకున్నావా?"

మా ఆవిడ వంటగది గుమ్మంలోకి వచ్చి నిలబడింది. ఆమె మొహంలో ఒకటే వేడుకోలు. ఒప్పుకున్నాననండి. ఆ ఒక్క ముక్కా అనెయ్యండి.

అనడానికే నోరు తెరిచాను. బల్ల మీద మూత తియ్యని పళ్ళేలు కనబడ్డాయి.

"లేదు" అన్నాను. "మన యంత్రం ఇంట్లో లేదు. ఐదు నెలల నుంచి లేదు. ఐసు ఫ్యాక్టరీలో ఉంది, తాళంతో సహా. అక్కడ ఇంకో ఐదు ఉన్నాయి. నొక్కింది మీ మామయ్య."

గోడ గడియారం చూశాను. రెండు దాటింది.

"నువ్వు మోసం చేశావనుకున్నాను అన్నయ్యా" అంది చెల్లెలు. "రాత్రంతా అదే అనుకుని ఏడ్చాను. మోసం చేసినా బాగుండేది. కావాలని తీసుకున్నవాడు మనసు మారితే తిరిగిస్తాడు. నీ దగ్గర ఏముంది ఇవ్వడానికి?"

మా ఆవిడ గుమ్మంలోనే కింద కూర్చుండిపోయింది. "చప్పుడు భరించలేనన్నాను నేను. అంతే కదా నేనన్నది" అని తనలో తను అనుకుంటోంది.

నేను అమ్మాయి వైపు చూశాను. అరవాలి అది. తొమ్మిది కొట్లు, తొమ్మిది కప్పులు, ఎవరి యంత్రం వాళ్ళ దగ్గరే ఉండాలి అని కాగితంలో గీత గీసి మరీ రాసింది. అరవలేదు. కాగితాల అంచులు సరిచేస్తోంది.

ఎదుటివాడికి ధర ముందే తెలిస్తే చేతులు అలాగే ఆడతాయి. నలభై ఏళ్ళుగా చూస్తున్నాను ఆ చేతుల్ని.

"నీకు ఎప్పట్నుంచి తెలుసు?" అన్నాను.

"నాన్నా..."

"ఎప్పట్నుంచి?"

"నాలుగో నెల నుంచి." తల ఎత్తలేదు. "ఐసు ఫ్యాక్టరీలో కరెంటు పోయినప్పుడల్లా ఆరు యంత్రాలు ఒకేసారి మూగబోయేవి. కాగితం మీద తొమ్మిదిమంది సాక్షులు. ఆ గది మొత్తం ఒక్కడే కదా. అంటే నిజానికి మనకున్నది నలుగురు."

"చెప్పలేదేం?"

"అప్పుడే ఆ రెండు ఊళ్ళవాళ్ళు ఒప్పందం రాస్తున్నారు. వేగం బాగుంది, ఎవరూ ఫిర్యాదు చెయ్యలేదు. వచ్చే నెల అందరికీ చెప్పి యంత్రాలు వెనక్కి పంపిద్దాం అనుకున్నాను. తరవాత మళ్ళీ వచ్చే నెల అనుకున్నాను."

చెల్లెలు దాని వైపు, నా వైపు మార్చి మార్చి చూసింది. "మీ నాన్న ఎల్లుండి అంటాడు. నువ్వు వచ్చే నెల అంటావు. ఈ ఇంట్లో వెంటనే జరిగేది అన్యాయం ఒక్కటేనా?"

"అత్తయ్యా, పడిన పద్దు నేను చెరపలేను. ఎవరూ చెరపలేరు. ఇంకో పద్దు పడకుండా ఆపొచ్చు." అమ్మాయి ఇప్పుడు తల ఎత్తింది. "లారీలు గేటు దాటాలంటే బయటికి పోయే పద్దు పడాలి. దానికీ ఆరు కావాలి. గొడవ తేలేదాకా నొక్కబోమని ఆ గదికి బయటున్న ముగ్గురూ పొద్దున నాతో అన్నారు. మన యంత్రం ఒక్కటి ఆ బల్ల మీంచి తీసేస్తే అక్కడ ఐదే మిగులుతాయి. గేటు తెరుచుకోదు."

"అయితే తీసుకొస్తాను" అన్నాను.

"అడితి మొత్తం ఆగిపోతుంది నాన్నా. ఒక్క దుంగ కూడా చెయ్యి మారదు. రేపు వేలంపాట. ఎందుకాగిందని అడుగుతారు. నేను చెప్పాలి." కాగితాలు బోర్లా తిప్పింది. "అన్నీ చెప్పాలి."

"చెప్పకూడదా?" అంది చెల్లెలు.

అమ్మాయి వాళ్ళమ్మ వైపు చూసింది.

"మా తమ్ముణ్ణి పోలీసులకి పట్టిస్తారా?" మా ఆవిడ కింద నుంచే అడిగింది.

అప్పుడు నా ఫోను మోగింది. అడితి గుమాస్తా. మంచి వార్త చెప్పేవాడి గొంతు.

"అయ్యా, మూడింటి మీటింగ్ లేదండీ. మీరు రానక్కర్లేదు. గొడవ సర్దుకుంది."

"ఎలా సర్దుకుంది?"

"మిగిలిన ముగ్గురికీ భయం పట్టుకుందండీ. అటు నొక్కినా తంటా, ఇటు నొక్కకపోయినా తంటా, మాకెందుకొచ్చిన తలనొప్పి అన్నారు. వాళ్ళ యంత్రాలు కూడా ఐసు ఫ్యాక్టరీకే పంపేస్తున్నారు, తాళాలతో సహా. చల్లనయ్యగారు సరేనన్నారు. ఇక తొమ్మిదీ ఒకేచోట, ఒకే మాట. మీకూ హాయి."

లెక్క దానంతట అది పడిపోయింది. తొమ్మిదిలో మాది తీసేస్తే ఎనిమిది. ఆరు చాలు. ఇంకో రెండు ఎక్కువే.

"ఏమంటున్నాడు?" అంది చెల్లెలు.

ఫోను చెవికి పెట్టుకునే చెప్పాను. విన్నాక ఆమె చెయ్యి చాపి ఫోను లాక్కుంది.

"గుమాస్తాగారూ, నేను. ఆ మూడూ బయలుదేరాయా, ఇంకా అక్కడే ఉన్నాయా?"

అవతలి గొంతు నాకూ వినబడింది. "బండికి ఎక్కిస్తున్నారమ్మా. రెండు ఎక్కాయి. మూడోదానికి తాడు కడుతున్నారు."

చెల్లెలు ఫోను బల్ల మీద పెట్టి నా వైపు చూసింది. ఆ బండిని దారిలోనే ఆపి, మా యంత్రాన్నీ పీక్కురావాలి. నేను అప్పటికే గుమ్మం దగ్గరికి నడిచాను.

అమ్మాయి నాకంటే ముందు అక్కడికి చేరింది. తలుపు గడియ మీద చెయ్యి వేసి నిలబడింది. నాకు అడ్డం నిలబడిందో, నాతో రావడానికి నిలబడిందో తెలియలేదు. మనిషి మొహం చూసి పుచ్చు చెప్పగలవాణ్ణి, కన్నకూతురి మొహం చూసి ఏమీ చెప్పలేకపోయాను.

"తియ్యమ్మా" అన్నాను.

దాని చెయ్యి గడియ మీదే ఉంది.